మూగ పెట్టెలు

సూరిబాబుకి యాభై ఆరేళ్లు. అందులో ముప్పై ఏళ్లు పరుల పెళ్లిళ్లకీ పూజలకీ మైకు పెట్టడంలోనే గడిచిపోయాయి. ఉండేది రాయపూర్ శివారు బీర్‌గావ్‌లో, సామాను పెట్టుకునే రేకుల షెడ్డు భన్‌పురిలో. తాత బొబ్బిలి దగ్గర్నుంచి రైల్వే వర్క్‌షాపు పనికి రాయపూర్ వచ్చాడు. ఆ కొలువు తండ్రితో అయిపోయింది, సూరిబాబుకి తీగలూ పెట్టెలూ మిగిలాయి. ఈ మధ్య ఏ బరువు మీద చెయ్యి వేసినా ముందు నడుము వద్దంటోంది. కళ్లు మూసుకుంటే కుడిచెవిలో సన్నగా ఒక కూత. ముప్పై ఏళ్ల మోత ఊరికే ఎక్కడికి పోతుంది, మనిషిలోనే ఎక్కడో నిలవ ఉంటుంది కాబోలు అనుకుని, రాముడికో దణ్ణం పెట్టి పక్కకి ఒత్తిగిలేవాడు.

నడుము కోసమో, చెవి కోసమో, కిందటి దసరా వెళ్లాక లైన్ ఎరే తెచ్చుకున్నాడు. చూడ్డానికి చిన్న పెట్టెలు. ఒక్కొక్కటి హార్మోనియం పెట్టె కంటే కాస్త పెద్దది. వాటిని ఒకదాని కింద ఒకటి తగిలించి, ఆరేసి పెట్టెల వరసని వేదికకి అటొకటి ఇటొకటి గొలుసుతో పైకి లాగి వేలాడదీస్తారు. పై పెట్టెలు తిన్నగా దూరం చూస్తాయి. కిందివి కొంచెం కొంచెం వంగి దగ్గరివాళ్లని చూస్తాయి. ఏది ఎంత వంగాలో వెనక ఉన్న చీలలు మార్చి కుదుర్చుకోవాలి. అది కుదిరిందంటే మొదటి వరసలో కూర్చున్నవాడికీ, ఆఖరి వరసలో నిలబడ్డవాడికీ మాట దాదాపు ఒకలాగే అందుతుంది.

తంటా కూడా అక్కడే వచ్చింది. పాత పెద్ద పెట్టెల ముందు నిలబడితే గుండెల మీద ఎవరో గుద్దినట్టుండేది. ఇవి గుద్దవు. గుద్దకపోతే పిలిచినవాళ్లకి సౌండు వచ్చినట్టే అనిపించదు. "ఆవాజ్ కహా హై భయ్యా" అని, ఆ ఆవాజ్‌లోనే నిలబడి అరిచి మరీ అడుగుతారు.

రైల్వే కాలనీ మైదానంలో శ్రీరామనవమి కల్యాణానికి ఇరవై రెండేళ్లుగా మైకు సూరిబాబుదే. నవమికి ముందురోజు మధ్యాహ్నం, ఎండ నిప్పులు చెరుగుతుంటే, ఉమేష్‌ని వెంటబెట్టుకుని, కొత్త చిన్న పెట్టెలు వ్యాన్‌లో వేసుకుని మైదానం కొలవడానికి వచ్చాడు. ఉమేష్ పదిహేనేళ్లుగా అతనితో పనిచేస్తున్నవాడు, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. టేపు ఒక కొస వేదిక దగ్గర అతను పట్టుకున్నాడు. రెండో కొస పట్టుకుని సూరిబాబు మైదానం చివర గోడ దాకా నడిచాడు.

గోడ అవతల సన్న రోడ్డు, రోడ్డుకి ఆ పక్క ఒక డాబా ఇల్లు. రిటైరయ్యాక మల్లేశ్వరరావు కట్టుకున్నది. ఆయన నలభై ఏళ్లు గూడ్సు బళ్లు నడిపిన డ్రైవరు. సూరిబాబు తండ్రికి స్నేహితుడు, అందుకని సూరిబాబుకి మావయ్య. ఆయన భార్య అన్నమ్మ గేటు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది.

"ఒరే సూరీ, ఆ ఎండలో ఏటి కొలుస్తావు, రా, మజ్జిగ తాగి ఎల్లు."

మావయ్య ముందు గదిలో కిటికీ పక్క మంచం మీద నిద్రపోతున్నాడు. సగానికి సగం చిక్కిపోయాడు. అన్నమ్మ సూరిబాబుని వంటింట్లో కూర్చోబెట్టి, మజ్జిగ చేతికిచ్చి, తనూ గడప మీద కూర్చుంది.

"నిరుడు నవమినాడు సాయంత్రమే కదా ఆయన్ని ఆస్పత్రికి తీసుకెళ్లింది," అంది.

సూరిబాబు గ్లాసు దించాడు. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఏడాదిగా అతనికి తెలుసు.

"నీ పెట్టెల వల్లేనని నేననను బాబూ. రోగం ఎప్పట్నుంచో ఉన్నదే. కాని ఆ రోజు మంచం ఒణికింది. అలమారలో గిన్నెలు ఒణికాయి. ఆయన గుండె మీద చెయ్యేసుకుని 'కల్యాణం బాగా జరుగుతోంది' అంటున్నాడు. చెమట మాత్రం ధారగా కారిపోతోంది. ఇప్పుడు రెండు స్టెంట్లు వేశారు. డాక్టరు అదురు తగలకూడదన్నాడు."

"ఒక్కపూట ఇంకెవరింటికైనా తీసుకెళ్లలేవా అత్తా?"

"అడిగాను. రాముడి పెళ్లినాడు ఇల్లొదిలి పోవడానికి నేనేమైనా రావణుడి చుట్టాన్నా అన్నాడు. కిటికీ మూస్తానంటే ముద్ద ముట్టనన్నాడు. ఆయనకి వినబడాలి. మంచం ఒణక్కూడదు. అలగ చెయ్యగలవా?"

సూరిబాబు ఉమేష్‌కి ఫోన్ చేసి, చిన్న పెట్టెల వరసలు పైకి లాగి, గుండెల మీద గుద్దే బేస్ మోత ఏమీ కలపకుండా మైకులో అంకెలు లెక్కపెట్టమన్నాడు. అరగంట పట్టింది. కిటికీ గట్టు మీద స్టీలు గ్లాసు నిండా నీళ్లు పోసి పెట్టారు. గోడ మీదుగా ఉమేష్ గొంతు, పక్కింట్లోంచి పిలిచినంత తేటగా వచ్చింది. ఏక్, దో, తీన్. అత్తా అల్లుడూ ఇద్దరూ ఊపిరి బిగపట్టి గ్లాసు మీదికి వంగారు. నీళ్లు కదల్లేదు. మావయ్య లేవలేదు.

"కుదురుతుందత్తా. చిన్న పెట్టెలు చాలు. పెద్ద బేస్ పెట్టెలు పెట్టకపోతే సరి."

"ఇంకోమాట. ఇది ఎవరికీ చెప్పకు. కమిటీ వాళ్లకసలే చెప్పకు. అన్నమ్మ మొగుడి కోసం పండగ చప్పబడిందని కాలనీ అంతా అనుకుంటారు. రాముడి పెళ్లికి మా ఇల్లు అడ్డమొచ్చిందన్న మాట నేను పడలేను. ఆయనకి తెలిస్తే అసలు పడలేడు."

సూరిబాబు మాటిచ్చాడు. మజ్జిగ మిగతాది గటగటా తాగి లేచాడు. చాలా రోజుల తర్వాత ఒక పని చెయ్యాలని మనస్ఫూర్తిగా అనిపించింది.

మైదానంలోకి వచ్చేసరికి కమిటీ సెక్రటరీ వెంకటస్వామి వేదిక ముందు నడుం మీద చేతులు పెట్టుకుని, వేలాడే పెట్టెల్ని తలెత్తి చూస్తున్నాడు. ఆయనా రైల్వేనే, రిటైరై మూడేళ్లయింది.

"ఏటి సూరిబాబూ ఇవి? టిఫిన్ కేరేజీలా?"

"లైన్ ఎరే, స్వామన్నా. మాట తేటగా వస్తుంది. వెనక్కెళ్లి విను ఒకసారి."

"వెనక్కెందుకెళ్తాను, నేనుండేది ముందు. బేస్ ఏదీ? నిరుడు సన్నాయి మేళం కొడుతుంటే పంచె అంచు ఎగిరింది. అదీ సౌండంటే. రేపు కార్పొరేటరు గారొస్తున్నారు. నయా రాయపూర్ నుంచి ఆఫీసర్లొస్తున్నారు. పెద్ద పెట్టెలు అటు నాలుగు, ఇటు నాలుగు పెట్టించు."

"చిన్నవే చాలన్నా, నా మాట విను."

"నీకు ముసలితనం వచ్చింది. రాముడికి రాలేదు. పెట్టించు."

సూరిబాబు నోటిదాకా వచ్చిన మాట మింగేశాడు. చెప్పవచ్చు, చెప్తే పోయేదేముంది అనిపించింది. కాని నోట్లో మజ్జిగ పులుపు ఇంకా పోకముందే ఇచ్చిన మాట తప్పడమా. "సరే అన్నా," అన్నాడు.

మర్నాడు తెల్లవారుతూనే షెడ్డులోంచి ఎనిమిది బేస్ పెట్టెలూ వ్యాన్‌లోకి ఎక్కించారు. ఒక్కొక్కటి నలుగురు పట్టాలి. మైదానంలో దింపి, వేదికకి రెండు పక్కలా రెండేసి వరసల్లో పేర్చేసరికి సూరిబాబు నడుము కొయ్యలా బిగిసిపోయింది. ఉమేష్ తీగలు విప్పుతుంటే ఆపాడు.

"తగిలించకు. తీగలు పెట్టెల వెనక్కి లాగి, గుడ్డ కప్పేసి వదిలెయ్."

ఉమేష్ మొహం తుడుచుకుని చూశాడు. "కనెక్షన్ లేకండానా? మరి ఇంత బరువు ఎందుకు మోయించావు గురూ?"

"చూడ్డానికి."

"చూడ్డానికైతే ఖాళీ డబ్బాలు తెచ్చుండేవాణ్ణి కదా. నడుం మిగిలేది."

ఆ మాటకి సూరిబాబుకి నవ్వొచ్చింది, తర్వాత బెంగొచ్చింది. వేదిక మీద సీతారాముల విగ్రహాలకి పట్టుబట్టలు కడుతున్నారు. అటు తిరిగి దణ్ణం పెట్టబోయి, చేతులు సగంలో ఆగిపోయాయి. పెళ్లికొడుకు ఎదురుగా ఎనిమిది బొంకులు నిలబెట్టాను, తండ్రీ. ఒకరి ప్రాణం కోసం ఆడిన అబద్ధం నీ లెక్కలో ఎటు పోతుంది? జవాబు వచ్చే చోటు కాదది. వెళ్లి, సౌండు మీటలుండే మిక్సర్ ముందు కూర్చున్నాడు.

పదిన్నరకి వెంకటస్వామి పట్టుపంచె కట్టుకుని వచ్చి, వేదిక ముందు నిలబడి, పూజారి మైకులో సంకల్పం చెప్తుంటే విన్నాడు. రెండు పక్కలా ఉన్న పెద్ద పెట్టెల్ని తృప్తిగా చూశాడు. అరచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు.

"ఇదీ, ఇప్పుడొచ్చింది ఆవాజ్. నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత ఫరకు, చూశావా? సెక్రటరీ మాట వినాలయ్యా," అని పక్కనున్నవాళ్లకి చూపించాడు. వాళ్లూ తలలూపారు. ఉమేష్ మిక్సర్ కింద తీగ సర్దుతున్నట్టు వంగి, భుజాలు కదిలిపోయేలా నవ్వు మింగాడు.

జనం నిండారు. షామియానా కింద తివాచీల మీద ఆడవాళ్లు, వెనక కుర్చీల్లో మగవాళ్లు. కూలర్లు హోరుమంటున్నాయి. గోత్రాలు చదివారు, కన్యాదానం అయింది. అభిజిత్ లగ్నానికి ఇంకా పన్నెండు నిమిషాలున్నాయి. సూరిబాబు ఒక కన్ను మిక్సర్ మీద, ఒక కన్ను మైదానం చివర గోడ మీద పెట్టుకుని కూర్చున్నాడు. అక్కణ్ణుంచి ఆ కిటికీ ఒక చిన్న నల్లచుక్కలా కనబడుతోంది. తెరిచే ఉంది.

అప్పుడే వెంకటస్వామి, పొద్దుట్నుంచీ నిలబడి కాళ్లు పీకి, ఎడమ పక్క బేస్ పెట్టెకి వీపు ఆన్చాడు.

మేళం డోలు కొడుతోంది. ఆయన వెనక్కి తిరిగి పెట్టె మీద అరచెయ్యి పెట్టాడు. తీశాడు, మళ్లీ పెట్టాడు. మోగే బేస్ పెట్టె జ్వరం వచ్చిన మనిషిలా ఒణుకుతుంది. ఇది రాయిలా ఉంది. నలభై ఏళ్లు ఇంజన్ల మధ్య బతికినవాడికి ఆ తేడా చెప్పక్కర్లేదు. పక్కన ఉన్నది తడిమాడు, దాని కిందది తడిమాడు. వెనక్కి వెళ్లి గుడ్డ ఎత్తి చూశాడు.

మిక్సర్ దగ్గరికి వచ్చేటప్పటికి మొహం కందిపోయి ఉంది. గొంతు మాత్రం పెంచలేదు. చుట్టూ ఆడవాళ్లున్నారు.

"చచ్చిన పెట్టెలు తెచ్చి పెడతావా? దేవుడి పెళ్లిలో? ఇరవై రెండేళ్లు నిన్ను నమ్మాను."

సూరిబాబు లేచి నిలబడ్డాడు. "పెట్టెలు బాగానే ఉన్నాయన్నా. తీగలు తగిలించలేదు."

"ఎందుకని?"

"అడగకు."

"అడక్కపోతే నేనే తగిలిస్తాను. ఎన్ని నిమిషాల పని? జీలకర్ర బెల్లం వేళకి మేళం మోగాలి." ఆయన అప్పుడే తీగ చేతిలోకి తీసుకున్నాడు. "ఉమేష్, ఇటు రా."

ఉమేష్ సూరిబాబు మొహం చూశాడు. సూరిబాబు నల్లచుక్కలాంటి ఆ కిటికీ వైపు చూశాడు. ఎటూ దారి లేదు. మాట నిలబెడితే మంచం ఒణుకుతుంది. వెంకటస్వామి మణికట్టు పట్టుకుని, చెవిదగ్గరికి వంగి, నాలుగు ముక్కల్లో చెప్పేశాడు. మావయ్య, స్టెంట్లు, కిటికీ, అన్నమ్మత్త తీసుకున్న మాట.

వెంకటస్వామి చేతిలో తీగ అలాగే ఉండిపోయింది.

"మల్లేశ్వరరావుగారి ఇంజన్లో తొమ్మిదేళ్లు అసిస్టెంటుగా చేశాను నేను," అన్నాడు. "బ్రేకు ఎక్కడ వెయ్యాలో ఆయన చెయ్యి పట్టుకుని నేర్పాడు. నాకు చెప్తే ఒద్దంటాననుకుందా అమ్మగారు?"

"పండగ చప్పబడిందంటారని భయం అన్నా."

"నువ్వేమనుకున్నావు? నువ్వూ అలాగే అనుకున్నావా?"

సూరిబాబూ అలాగే అనుకున్నాడు. నిన్న ఈయన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డప్పుడు, ఈయనలో గుండె ఉంటుందేమో అని ఒక్కసారి తట్టి చూసి ఉండాల్సింది. గ్లాసులో నీళ్లు పోసి చూశాడు గాని, ఆ పని చెయ్యలేదు.

వెంకటస్వామి తీగ కింద పడేసి, మిక్సర్ మీదున్న మైకు తీసుకున్నాడు. మావయ్య పేరు చెప్పేస్తాడు, కాలనీ అంతటికీ చెప్పేస్తాడు అనుకున్నాడు సూరిబాబు.

"భక్తులకి మనవి. బేస్ పెట్టెలకి కరెంటు లోపం వచ్చింది. తప్పు కమిటీది. ఈ పూట ఇలాగే వినాలి. వెనక కుర్రాళ్లు విజిళ్లు ఆపితే మంత్రాలు ఇంకా బాగా వినబడతాయి." మైకు కింద పెట్టి, సూరిబాబు వైపు చూడకుండానే, "నాకూ ఒక బొంకు అంటించావు," అని వేదిక వైపు వెళ్లిపోయాడు.

లగ్నం వేళకి జీలకర్ర బెల్లం పెట్టారు. మంగళసూత్రం ఎత్తి చూపించారు. జనం అక్షింతలు వేశారు. సన్నాయి తేటగా మైదానం దాటి వెళ్లింది. ఒకరిద్దరు, "ఈసారి మజా లేదు," అనుకోవడం సూరిబాబుకి వినబడింది. వినబడనీ అనుకున్నాడు. కుర్చీలో వెనక్కి వాలితే నడుములో ఎక్కడో కలుక్కుమంది.

భోజనాలు అయ్యేసరికి నాలుగు దాటింది. వెంకటస్వామి ఒక చేత్తో పానకం చెంబు, ఒక చేత్తో తలంబ్రాల పొట్లం పట్టుకుని, "పద," అన్నాడు. ఇద్దరూ మైదానం దాటారు. అన్నమ్మ వాళ్లిద్దర్నీ కలిపి చూడగానే సంగతి గ్రహించింది. సూరిబాబు తల దించుకున్నాడు. ఆమె తప్పుకుని దారిచ్చింది.

మల్లేశ్వరరావు దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. మొహం ప్రశాంతంగానే ఉంది. తలంబ్రాలు కళ్లకద్దుకుని నెత్తిన వేసుకున్నాడు.

"వినబడిందా మావయ్యా?" అన్నాడు సూరిబాబు. ఎంత వద్దనుకున్నా గొంతులో ఆశ దాగలేదు.

"వినబడిందిరా. పూజారి నా మంచం పక్కన కూర్చుని చదివినట్టే ఉంది. గోత్రంలో ఒకచోట తడబడ్డాడు, అదీ పట్టుకున్నాను." దిండు మీద కాస్త లేచి, "డోలుకి ఏమైంది?" అన్నాడు.

"ఏమైంది?"

"చెక్క మీద పుల్లతో కొట్టినట్టు టకటకమంది. ధిమ్మని ఒక్కటీ రాలేదు. తాళి కట్టేటప్పుడు కూడా అదే టకటక. పెళ్లయిందని చెవికి తెలిసింది, నాకు తెలియలేదు. ఎవడ్రా వాయించినవాడు, చేతిలో సత్తువ లేదా?"

సూరిబాబు గోడకి ఆనుకున్నాడు. డోలులో ఆ ధిమ్మనేది ఆ ఎనిమిది పెట్టెల్లోనే ఉంది. చిన్నపెట్టెలకి అది రాదు. అంత సంగతి తెలిసినవాడు, మావయ్య ఏమి వినడానికి కిటికీ తెరిచి కూర్చున్నాడో మాత్రం అడగలేదు.

"ఆ పెద్ద పెట్టెలు నేనే తీయించాను," అంది అన్నమ్మ గుమ్మంలోంచి. "నిరుడు నాకు ప్రాణం పోయినంత పనయింది. నేనే అడిగాను వాణ్ణి."

మల్లేశ్వరరావు భార్య వైపు తిరిగాడు. కోపం వస్తుందనుకున్నారు ముగ్గురూ. రాలేదు. లేదా వచ్చి, దాన్ని మొయ్యడానికి ఓపిక లేక వెళ్లిపోయింది.

"నన్నడగవలసింది," అన్నాడు.

"అడిగితే ఒద్దంటావు."

"అంటాను. అన్నాక ఆలోచిస్తాను కూడా. యాభై ఏళ్లలో ఆ సంగతి తెలీలేదా నీకు." ఊపిరి తీసుకుని మళ్లీ అన్నాడు, "ఆ పెట్టెల అదురు నాకూ ఇష్టం లేదే. అది మంచంకోళ్లలోంచి వస్తుంది, దొంగలా. డోలు అలగ రాదు. ఎదురుగా వస్తుంది. మనిషి కొడుతున్నాడని తెలుస్తుంది."

వెంకటస్వామి బయటికి నడిచాడు. పావుగంటకి మేళంలో డోలు వాయించిన చెన్నకేశవులుని వెంటబెట్టుకుని వచ్చాడు. పార్వతీపురం నుంచి ఏటా మేళంతో వచ్చే మనిషి. అప్పుడే అన్నం తిని కునుకు తీస్తున్నవాణ్ణి లేపినట్టున్నారు, వేళ్లకి గుడ్డపట్టీలు మళ్లీ చుట్టుకుంటూ వస్తున్నాడు. గేటుకి ఇరవై అడుగుల దూరంలో, రోడ్డుకి మైదానం వైపున వేపచెట్టు నీడలో నిలబెట్టారు.

"ఒద్దు," అంది అన్నమ్మ. "స్వామీ, నీకు దణ్ణం పెడతాను."

"అమ్మగారూ, ఇప్పుడు మిమ్మల్నే అడుగుతున్నాం. మీరు ఆపమంటే ఆపేస్తాం. మైకు లేదు, పెట్టె లేదు. ఒక్క మనిషి, ఒక్క డోలు."

ఆమె భర్త మొహం చూసింది. మంచం అంచున కూర్చుని, ఆయన మణికట్టు తన రెండు వేళ్ల మధ్య పట్టుకుంది. అది ఆస్పత్రిలో నర్సు నేర్పిన పద్ధతి. కొంతసేపు లెక్కపెట్టి, సూరిబాబు వైపు ఊఁ అన్నట్టు చూసింది.

సూరిబాబు కిటికీ పక్కకి వెళ్లి నిలబడ్డాడు. తిప్పడానికి మీట లేదు, నొక్కడానికి బొత్తాం లేదు. కుడిచెయ్యి కిటికీ బయటికి చాపాడు.

"ఎంత గట్టిగా బాబూ?" అని అరిచాడు చెన్నకేశవులు.

"సన్నగా మొదలెట్టు. నా చెయ్యి చూడు."

మొదటి దెబ్బ చేతికి భయపడుతున్నట్టు మెత్తగా వచ్చింది. సూరిబాబు మావయ్యని చూడలేదు. అన్నమ్మత్త మొహమే చూస్తున్నాడు. ఆమె పెదవులు కదులుతున్నాయి, అంకెలో, రామనామమో. డోలు తాళం రెండో ఆవృత్తంలోకి వెళ్లింది. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి, అతను చెయ్యి దించాడు, డోలు తగ్గింది. ముడి వీడింది, అతను చెయ్యి కాస్త ఎత్తాడు. ఎత్తి పట్టుకున్న భుజం లాగేస్తోంది, నడుము కలుక్కుమంటోంది. అయినా చెయ్యి తియ్యలేదు.

"దూరంగా ఉన్నాడు," అన్నాడు మల్లేశ్వరరావు కళ్లు మూసుకుని.

సూరిబాబు అన్నమ్మ వైపు చూశాడు. ఆమె మణికట్టు వదల్లేదు. మరో పది దాకా లెక్కపెట్టుకుంది.

"గేటు దాకా రమ్మను," అంది.